బందరు కోటలో కోట ఎందుకు కనిపించదు?

హైదరాబాదు, విజయవాడల మీదుగా వచ్చే 65వ నంబరు జాతీయ రహదారి మచిలీపట్నంలో, అంటే బందరులో, ముగుస్తుంది. గోల్కొండ సుల్తానుల కాలంలో రాజధాని నుంచి రేవుకు సరుకు దిగిన బాట కూడా ఇంచుమించు ఈ దిక్కునే సాగేది కాబట్టి, తెలంగాణ నుంచి కారులో వచ్చేవారు తమకు తెలియకుండానే నాలుగు వందల ఏళ్ళనాటి వర్తకుల దారిలో వస్తున్నట్టే లెక్క. అయితే రహదారి ఆగిన చోట దిగి "కోట ఎటు?" అని అడిగితే, ఊళ్ళోకి కాకుండా ఊరి బయటికి, గిలకలదిండి వైపు చెయ్యి చూపిస్తారు. ఉప్పునేలలూ తుమ్మచెట్లూ దాటుకుంటూ అక్కడికి చేరాక కనిపించేవి ఒక పాత ఆయుధాగారం, ఒక గంట గోపురం, చుట్టూ పెరిగిన పిచ్చిమొక్కలు. బురుజులు లేవు, ఎక్కి తిరగడానికి ప్రాకారం లేదు. వచ్చినవారు నాలుగు ఫొటోలు తీసుకుని, తొక్కుడు లడ్డు పొట్లం కట్టించుకుని, "బందరులో చూడటానికేమీ లేదు" అనే తీర్పుతో తిరిగి వెళ్ళిపోతారు.

ఆ తీర్పు తప్పని నా అభిప్రాయం. పొరపాటు ఊరిది కాదు, మనం తీసుకువెళ్ళే ఊహది. పుదుచ్చేరి వీధులనూ, డేనిష్‌వారు 1620లో కోట కట్టిన తరంగంబాడినీ చూసినవారు ఐరోపావారి పట్టణం అంటే ఒకే జాతి, ఒకే పాలన, ఒక కోట, దాని నీడలో తీర్చిన వీధులు అనే నమూనాను మనసులో పెట్టుకుంటారు. బందరు ఆ నమూనాలో ఇమడదు. ఇక్కడికి వచ్చిన తెల్లవారు మొదటి నూటనలభై ఏళ్ళకు పైగా ఏలికలు కారు, అద్దెకున్నవారు. అద్దెకున్నవారు తమదికాని నేలమీద రాతికోటలు కట్టుకోరు, కట్టుకోనివ్వరు కూడా. ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకుంటే ఊళ్ళో ఏది ఎందుకు మిగిలిందో, ఏది ఎందుకు మిగలలేదో చాలావరకు తేటపడుతుంది.

చిక్కంతా రాకకూ రాజ్యానికీ మధ్య తేడాను చెరిపివేయడంలో ఉంది. డచ్చివారు 1605లో ఇక్కడ వర్తకం మొదలుపెట్టారు. ఇంగ్లీషు కంపెనీవారి గ్లోబ్ అనే ఓడ 1611లో వచ్చింది. ఫ్రెంచివారి తరఫున ఇస్ఫహాను నుంచి వచ్చిన మార్కారా అనే ఆర్మీనియన్ వర్తకుడు గోల్కొండ దర్బారులో ఫర్మానా సంపాదించాక, 1669లో వారూ చేరారు. ముగ్గురూ వచ్చింది కుతుబ్‌షాహీల రేవుకే. సుంకాలు సుల్తానువి, రేవు లెక్కలు చూసే షాబందరు సుల్తాను మనిషి, ఊరి మీద అధికారం హవల్దారుది. ఆ హవల్దారుతో పడక ఇంగ్లీషువారు 1628లో మూటాముల్లే సర్దుకుని దక్షిణాన దుర్గరాజుపట్నానికి తరలిపోయారు, తరవాత మళ్ళీ వచ్చారు. ఏడాదికి 500 వరహాలు చెల్లిస్తే చాలు, గోల్కొండ రేవుల్లో సుంకం బెడద లేకుండా వ్యాపారం చేసుకోవచ్చునని 1632లో అబ్దుల్లా కుతుబ్‌షా వారికి ఒక ఫర్మానా ఇచ్చాడు. చరిత్రలో దానికి బంగారు ఫర్మానా అని పేరు పడింది. ఒక ప్రభువు దయచేసిన కాగితానికి బంగారమని పేరు పెట్టుకున్నవారు ఆ ప్రభువు ముందు ఏ స్థాయిలో నిలబడి ఉంటారో ఊహించుకోవచ్చు.

ఇక్కడే మన పుస్తకాలూ, సైనుబోర్డులూ కలిసి చేసే ఒక పొరపాటును చెప్పుకోవాలి. "1611లో ఇంగ్లీషువారు మచిలీపట్నంలో కర్మాగారం స్థాపించారు" అని రాస్తుంటారు. చదివినవారు పొగగొట్టాలో, మగ్గాల వరసలో ఊహించుకుంటారు. ఆనాటి ఇంగ్లీషులో ఫ్యాక్టర్ అంటే కంపెనీ తరఫున సరుకు కొని పెట్టే గుమాస్తా, అతడు ఉండే చోటు ఫ్యాక్టరీ. మన మాటలో చెప్పాలంటే అది కోఠీ: కింద గిడ్డంగి, పైన బస, ఒక మూల లెక్కల గది. అందులో తయారయ్యేది ఏదీ లేదు. తయారీ అంతా చుట్టుపక్కల ఊళ్ళలో నేతగాళ్ళ ఇళ్ళలో, అద్దకంవారి వాకిళ్ళలో జరిగేది. పైగా 1652లో ఈ రేవుకు వచ్చిన ఫ్రెంచి యాత్రికుడు టావెర్నియే ఇక్కడి ఇళ్ళన్నీ కర్రతో కట్టినవని రాసిపెట్టాడు. ఊరు అందమైనది కాకపోయినా బంగాళాఖాతంలో ఓడలు లంగరు వేయడానికి ఇంతకంటే మంచి చోటు లేదని, పెగూ, సయాం, మక్కా, హోర్ముజ్‌ల వంటి దూరపు రేవులకు ఓడలు ఇక్కడి నుంచే బయలుదేరతాయని కూడా అన్నాడు. కర్ర ఇళ్ళు, అద్దె నేల, ఉప్పుగాలి. పదిహేడో శతాబ్దపు బందరు భవనాలు ఇవాళ ఎందుకు కనిపించవన్న ప్రశ్నకు సగం జవాబు ఇందులోనే ఉంది.

భవనాలు పోయాయి గాని పేర్లు పోలేదు. ఐరోపా జాతులను తెలుగువారు తమ నోటికి అనువుగా పిలుచుకున్నారు: ఫ్రెంచివారు పరాసులు, డచ్చివారు వలందులు, పోర్చుగీసువారు బుడతకీచులు. హాలెండు మాట వలందు అయింది. బందరులో ఇవాళ్టికీ వలందపాలెం ఉంది, పరాసుపేట ఉంది, ఇంగ్లీషుపాలెం ఉంది. వాటి పక్కనే ఖాలేఖానుపేట, నిజాంపేట, బచ్చుపేట, గొడుగుపేట వంటివి ఉండటం గమనించాలి. పుదుచ్చేరిలో తెల్లవారి పట్టణం ఒక వైపు, నల్లవారి పట్టణం మరో వైపు, మధ్యలో కాలువ. ఇక్కడ అటువంటి గీత లేదు. ఊరి పటంలో వలందుల పాలెం కూడా మిగతా పేటల్లో ఒక పేట, అంతే. నన్నడిగితే బందరులో అన్నిటికంటే పాత చారిత్రక కట్టడం ఈ పేర్ల వరసే. ఆటోవాడితో బేరమాడేటప్పుడు రోజూ వాడుతూ ఉండటంవల్ల అది కట్టడమని ఎవరికీ తోచదు.

పేర్ల తరవాత నికరంగా మిగిలినవి సమాధులు. అద్దెకున్నవారు కోఠీని ఎప్పుడైనా ఖాళీ చేయగలరు, గోతిలో పెట్టినవారిని మాత్రం వెంట తీసుకుపోలేరు. ఊళ్ళోనే ఉన్న డచ్చి శ్మశానవాటిక ఇప్పుడు కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉంది. మద్రాసు రాజధానిలో డచ్చి కంపెనీ ఆనవాళ్ళన్నిటినీ సర్వే చేసి అలెగ్జాండర్ రీ 1897లో పుస్తకంగా అచ్చువేసినప్పుడు వెలుగులోకి వచ్చిన కట్టడాల కోవలోనిదే ఇది. బందరులో ఒక్క గంటే సమయం ఉన్నవారు కోట మానేసి ఇక్కడికి రావడం మేలు.

సమాధి పలకల దగ్గర వంగి చూస్తే మొదట తెలిసేది, అక్షరాలు రాతిలోకి చెక్కినవి కావని. చుట్టూ ఉన్న రాతిని తొలిచి, అక్షరాలను ఉబ్బెత్తుగా నిలబెట్టారు. మన గుళ్ళలో శాసనాలు లోపలికి చెక్కుతారు, అది తక్కువ శ్రమ. ఇలా పైకి తేల్చడమంటే పలకంతటినీ ఒక పొర మేర దించుకుంటూ రావాలి, ఒక్క అక్షరం కాలు విరిగినా అతుకు లేదు. నల్లరాయి, ఉలి, తనకు తెలియని లిపి: ఆ పని చేసిన శిల్పి డచ్చి చదవగలిగినవాడు అయి ఉంటాడని నేననుకోను, కాగితం మీద గీసి ఇచ్చినదాన్ని ముగ్గు చూసి ముగ్గు వేసినట్టు దింపి ఉంటాడు. పై భాగంలో వంశ చిహ్నాలు, వాటి చుట్టూ సుళ్ళు తిరిగే ఆకుల అల్లిక ఉంటాయి. ఆ ఆకుల వంపు చూస్తే ఐరోపా నమూనాకంటే మన తోరణమే ఎక్కువగా గుర్తుకొస్తుంది. కింద రాతలో కోప్‌మన్ అనే మాట కనిపిస్తే అది ఇంటిపేరు కాదు, కంపెనీలో హోదా. సహాయకుడు, లెక్కలు రాసేవాడు, చిన్న వర్తకుడు, వర్తకుడు, పెద్ద వర్తకుడు అనే మెట్లలో కంపెనీ కొలువు నడిచేది. దొరలుగా మనం తలచుకునేవారు తమ సమాధుల మీద తాము వర్తకులమనే చెక్కించుకున్నారు. రాజ్యాన్ని గురించిన మాట ఆ రాళ్ళమీద కనిపించదు, ఎందుకంటే అప్పటికి వారికి ఇక్కడ రాజ్యం లేదు. సాయంకాలం ఎండ ఏటవాలుగా పడేటప్పుడు వెళితే అక్షరాల నీడలు సాగి, చదవడం తేలికవుతుంది. మధ్యాహ్నం నడినెత్తి మీద ఎండలో అంతా ఒకే నలుపు.

రేవు దశ దిగజారడానికి కారణాలు రెండు వైపుల నుంచీ వచ్చాయి. ఇంగ్లీషువారు 1639లో చెన్నపట్నంలో సొంత నేల సంపాదించుకుని కోట కట్టడం మొదలుపెట్టారు, 1641లో కోరమండల్ తీరపు కేంద్రాన్ని ఇక్కడి నుంచి అక్కడికి మార్చారు. అద్దె ఇంటి చిరాకు వారిని ఎంత వేధించిందో ఈ ఒక్క మార్పే చెబుతుంది. ఔరంగజేబు 1687లో గోల్కొండను పట్టుకోవడంతో రేవుకు వెనక ఉన్న రాజధానే కూలిపోయింది.

అద్దెదారు ఇంటివాడు కావడం 1750లో జరిగింది. దక్కను వారసత్వపు తగవులో చెయ్యి పెట్టిన ఫ్రెంచివారు ఆ ఏడు బందరును చేజిక్కించుకున్నారు. మూడేళ్ళ తరవాత, 1753లో, హైదరాబాదు నిజాం సలాబత్‌జంగ్ తనకు కాపలాగా ఉన్న ఫ్రెంచి సేనాని బుస్సీ సేనల జీతాల కింద ఉత్తర సర్కారులను, అంటే కోస్తా సీమలను, వారికి అప్పగించాడు. మనం ఇప్పుడు చూడటానికి వెళ్ళే కోట కథ నిజానికి ఈ తొమ్మిదేళ్ళ ఫ్రెంచి ఏలుబడిలోనే రాజుకుంది. 1757 నాటి బొబ్బిలి యుద్ధంలో బుస్సీ విజయనగరం వైపు నిలిచిన సంగతి తెలుగువారికి చెప్పనక్కరలేదు. ఆ యుద్ధం ముగియగానే పెద విజయరామరాజు తాండ్ర పాపారాయుడి చేతిలో హతుడయ్యాడు. అతని తరవాత గద్దెనెక్కిన ఆనంద గజపతిరాజు ఫ్రెంచివారితో చెడి, ఇంగ్లీషువారిని పిలిచాడు. కర్నల్ ఫోర్డ్ బెంగాలు నుంచి సముద్రం మీద వచ్చి, 1758 డిసెంబరులో చందుర్తి దగ్గర ఫ్రెంచి సేనాని కాన్‌ఫ్లాన్స్ సేనను ఓడించి, వెనక్కి తగ్గినవారిని తరుముకుంటూ 1759 మార్చిలో బందరు చేరాడు.

కోట ఊరికి దూరంగా ఎందుకుందో ఈ ముట్టడి కథ వింటే అర్థమవుతుంది. వర్తకానికి ఊరు కావాలి, యుద్ధానికి బురద కావాలి. ఊరికి సుమారు మూడు కిలోమీటర్ల దూరాన, పోటుకు మునిగి పాటుకు తేలే చిత్తడి నేలల మధ్య, సముద్రపు పాయను ఆనుకుని కోట ఉండేది. ఊరి వైపు నుంచి రావడానికి ఒకటే గట్టుదారి. గోడలకంటే ఆ బురదే దానికి అసలు రక్ష. ఫోర్డ్ దగ్గర మందుగుండు రెండు రోజులకు మించి లేని స్థితి వచ్చింది. సలాబత్‌జంగ్ సైన్యం కొద్ది దూరంలో దిగి ఉంది. వేరే దారి లేక ఏప్రిల్ 7 రాత్రి, నీరు పాటులో ఉండే నడిరేయి వేళ చూసి, దాడికి దిగారు. ఆనంద గజపతి సేన గట్టుదారి మీద పెద్ద గుమ్మం వైపు అలజడి చేసింది. ఒక చిన్న దళం నైరుతి దిక్కున, ఎవరూ రాలేరని ఫ్రెంచివారు ధీమాగా ఉన్న బురదలో పడి వచ్చి కాల్పులు మొదలుపెట్టింది. అసలు దాడి ఈశాన్యపు బురుజు మీద జరిగింది. తెల్లవారేసరికి కోట లొంగిపోయింది. లొంగినవారి సంఖ్య దాడిచేసినవారికంటే ఎక్కువ. మే 14న సలాబత్‌జంగ్ బందరును, చుట్టుపక్కల సీమలతో సహా ఇంగ్లీషువారికి రాసిచ్చాడు. ప్లాసీని పాఠాల్లో ఎంత వివరంగా చెప్పుకుంటామో ఈ రాత్రిని అంత తేలికగా వదిలేస్తాం, తెలుగు సీమ ఇంగ్లీషువారి చేతికి పోవడం మాత్రం ఈ బురదలోనే మొదలైంది. కోటకు వెళ్ళినప్పుడు ఆయుధాగారం కంటే చుట్టూ ఉన్న ఆ ఉప్పునేలను ఎక్కువసేపు చూడమని నా సలహా.

ఇంత గట్టి కోట ఏమైపోయిందని అడిగితే ఊళ్ళోవారు "ఉప్పెనలో పోయింది" అంటారు. వినేవారికి వెంటనే 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెన గుర్తుకొస్తుంది, అక్కడ మరో గందరగోళం. బందరును మార్చివేసిన ఉప్పెన దానికి నూట పదమూడేళ్ళ ముందుది. 1864 నవంబరు 1 రాత్రి లేచిన సముద్రం పోటు మట్టం కంటే పదమూడు అడుగుల ఎత్తున ఊరిమీద పడింది. ఊళ్ళోనూ చుట్టుపక్కల పల్లెల్లోనూ కలిపి సుమారు 30,000 మంది చనిపోయారని ఆనాటి లెక్క. పాటు వేళ కనిపెట్టి ఫోర్డ్ దాటిన నేలే అది. శత్రువును ఆపిన బురద సముద్రాన్ని ఆపలేదు. ఆ తరవాత దండు కోటను వదిలి వెళ్ళిపోయింది, వదిలేసిన కోట గోడలు కాలక్రమంలో కరిగిపోయాయి. మేట వేసిన రేవులో పెద్ద ఓడలు మైళ్ళ దూరంలో ఆగి చిన్న పడవలతో సరుకు దించుకోవలసి రావడంతో వ్యాపారం కాకినాడకూ, ఆ పైన విశాఖపట్నానికీ తరలింది. కొత్త రేవు పనులు 2023లో మొదలయ్యాయి.

ఇక బందరు గురించి ఎవరు చెప్పినా విడవకుండా చెప్పే కథ సెయింట్ మేరీస్ చర్చిలోని అరబెల్లా రాబిన్సన్‌ది. మేజర్ జనరల్ జాన్ పేటర్ ఆమెను ప్రేమించాడని, ఆమె 1809లో చనిపోయినప్పుడు క్రైస్తవ శ్మశానంలో చోటివ్వడానికి పాదిరి ఒప్పుకోలేదని, పేటర్ వేరుగా స్థలం కొని ఆమెను పూడ్చి ఆ సమాధి మీదనే చర్చి కట్టించాడని చెబుతారు. ఇంతవరకు కథకూ కట్టడానికీ పొంతన ఉంది: చర్చి ఉంది, నేలలో ఆమె సమాధి ఉంది. పెళ్ళి బట్టలతో ఆమెను గాజుపెట్టెలో ఉంచారని, మీట నొక్కితే పెట్టె పైకి లేచేదని, చాలాకాలం జనం వచ్చి చూసేవారని చెప్పేది మాత్రం నోటి నుంచి నోటికి పెరిగిన భాగమని తీసుకోవడం క్షేమం. దయ్యాల కథలు వెతికే వీడియోలకు ఆ మీటే కావాలి. నాకు ఈ కథలో ఆసక్తిగా తోచేది వేరు. వలందుల కాలంలో సమాధి మీద హోదా చెక్కించుకున్న ఊళ్ళోనే, నూరేళ్ళు దాటేసరికి ఒక సైనికాధికారి సొంత దుఃఖానికి నేల కొని చర్చి కట్టించగలిగే స్థితికి వచ్చాడు. ఇంటివారయ్యాక కట్టిన కట్టడమంటే ఇలా ఉంటుంది.

రాబర్ట్ నోబుల్ 1843లో మొదలుపెట్టిన బడి నోబుల్ కళాశాలగా ఇప్పటికీ నడుస్తోంది. దానికి జవాబా అన్నట్టు కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, పట్టాభి సీతారామయ్య కలిసి 1910లో ఆంధ్ర జాతీయ కళాశాలను స్థాపించారు. ఈ రెండూ ఒకే పూటలో చూడదగ్గవి. రెండో రోజు కూడా ఉన్నవారు ఇరవై కిలోమీటర్లకు కాస్త పైన ఉన్న ఘంటసాలకు వెళ్ళి బౌద్ధ స్తూపపు ఆనవాళ్ళు చూస్తే, ఈ తీరపు వర్తకం తెల్లవారితో మొదలైంది కాదని తెలుస్తుంది. ప్రాచీన గ్రీకు భూగోళవేత్త టాలమీ ఈ ప్రాంతాన్ని మైసోలియా అన్నాడు. మంగినపూడి సముద్రతీరం గురించి వేరే చెప్పాల్సిన పని లేదు, సెలవుల్లో జనం ఎలాగూ వెళతారు.

పెడనకు మాత్రం తప్పకుండా వెళ్ళాలి. బందరుకు సుమారు పది కిలోమీటర్ల దూరంలో ఉన్న ఈ ఊరిని చారిత్రక స్థలాల జాబితాలో ఎవరూ చేర్చరు, చీరలు కొనుక్కునే చోటుగానే చూస్తారు. అసలు ఓడలన్నీ ఇక్కడికి వచ్చింది దేనికోసమో కళ్ళతో చూడగలిగే చోటు అదే. జావా, మొలుక్కా దీవుల్లో లవంగాలూ జాజికాయలూ అమ్మేవారికి ఐరోపా సరుకు పెద్దగా అక్కరలేదు, కోరమండల్ అద్దకపు బట్ట కావాలి. అందుకే మిరియాల కోసం బయలుదేరిన కంపెనీలు ముందు కృష్ణా తీరంలో బట్ట కొనవలసి వచ్చింది. ఆ బట్టకున్న పేరు రంగు వల్ల వచ్చింది. అద్దకంవారు ముందుగా బట్టను కరక్కాయ, గేదెపాలు కలిపిన నీళ్ళలో నానబెట్టి ఎండబెడతారు. తుప్పుపట్టిన ఇనుమూ బెల్లమూ పులియబెట్టిన కషాయాన్ని టేకు అచ్చుతో దానిమీద అద్దితే, అచ్చు ఎత్తేలోపే గీత నల్లబడుతుంది. ఎరుపు రావలసిన చోట పటిక నీళ్ళు అద్దుతారు. అప్పుడు చూస్తే అక్కడ ఎరుపు ఉండదు, పాలిపోయిన మరక ఉంటుంది. కాలువలో ఉతికి, రంగునీళ్ళ డేగిసాలో వేసి ఉడికించాక, పటిక పట్టిన చోట మాత్రమే ఎరుపు అంటుకుని నిలుస్తుంది. తక్కిన బట్టకు అంటినది ఉతుకుళ్ళలో, ఎండలో వదిలిపోతుంది. పూర్వం ఆ ఎరుపును చిరివేరు నుంచి తీసేవారు. ఎన్ని ఉతుకులకూ పోని ఆ ఎరుపు రహస్యం ఐరోపా అద్దకంవారికి అప్పటికి అంతు చిక్కలేదు.

పెడన నుంచి తిరిగి ఊళ్ళోకి వచ్చేటప్పుడు పరాసుపేట మీదుగా రావచ్చు. కోట పోయినా ఫ్రెంచివారికి బందరులో లోజ్ అనే చిన్న వర్తక స్థలం మిగిలింది. డచ్చివారు 1824 ఒప్పందంతో భారతదేశంలోని తమ చోట్లన్నిటినీ ఇంగ్లీషువారికి అప్పగించి వెళ్ళిపోయారు. ఇంగ్లీషువారు 1947 ఆగస్టులో వెళ్ళిపోయారు. ఫ్రెంచివారి లోజ్ మాత్రం ఆ తరవాత కూడా రెండు నెలలు వారి పేరునే ఉండి, అక్టోబరులో భారత ప్రభుత్వం చేతికి వచ్చింది. అద్దెకు దిగినవారిలో అందరికంటే ఆలస్యంగా వచ్చినవారే అందరికంటే ఆఖరున ఖాళీ చేశారు.